డ్రయ్యర్ దడదడ, కింది ఇంటి పిన్నిగారి అలక

మియాపూర్ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. ఆమె లెక్కల టీచరు. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, భర్త, ఇంటర్ చదివే కొడుకు. ఏడాదిన్నర కిందట పక్షవాతంతో మంచం పట్టిన తల్లి అప్పటినుంచీ ఈమె దగ్గరే ఉన్నారు. రోజుకు మూడు నాలుగు దుప్పట్లు ఉతకాలి. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని అపార్ట్‌మెంట్ సంఘం నియమం. టెర్రస్ మీద తీగలున్నాయి గానీ బడి నుంచి వచ్చేసరికి ఎండ పోతుంది, వానాకాలంలో అదీ ఉండదు. ఆరేళ్ల కిందట కొన్న 7 కిలోల డ్రయ్యరే ఆమెకు ఆధారం. తడి గాలిని గొట్టం ద్వారా బయటికి పంపే రకం. వాష్ ఏరియాలో వెల్డింగ్ చేయించిన ఇనుప స్టాండు మీద, వాషింగ్ మెషీన్ పైన ఉంటుంది.

నెల రోజులుగా అది గోల చేస్తోంది. ఆన్ చేయగానే గుర్రం పరిగెత్తినట్టు దడదడ. పది నిమిషాలకు తగ్గుతుంది. చివర్లో సన్నగా కీచుమంటుంది. రెండు రోజులు వాడకపోతే మూడో రోజు మోత ఇంకా ఎక్కువ. స్టాండు కింద తుడిస్తే నల్లటి పొడి వస్తోంది. ముందు గంటలో ఆరే దుప్పట్లకు ఇప్పుడు గంటన్నర పడుతోంది. భర్త డ్రమ్ము సందులోంచి కుట్టు మిషను నూనె పోశారు. రెండు రోజులు నెమ్మదించి మళ్లీ మొదలైంది, పైగా దుప్పట్ల మీద మరకలు పడ్డాయి. యాప్‌లో బుక్ చేస్తే వచ్చిన టెక్నీషియన్ మెషీన్ తెరవకుండానే ఐదు నిమిషాలు విని, "మోటారు పోయింది, 9,500 అవుతుంది" అని చెప్పి 600 తీసుకుని వెళ్లాడు. రెండో ఆయన "కొత్తది కొనుక్కోండి, దీన్ని నేనే 3,000కు తీసుకుంటా" అన్నాడు.

ఇదంతా ఒక ఎత్తు, కింది ఫ్లాట్ పిన్నిగారు ఇంకో ఎత్తు. గోంగూర పచ్చడి చేస్తే మొదటి గిన్నె వీళ్లింటికే పంపే మనిషి నెలగా మాట్లాడటం లేదు. బాబాయిగారికి బీపీ, నిద్ర పట్టదు. మొన్న వాట్సాప్ గ్రూపులో "కొందరు రాత్రిళ్లు పిండి గిర్ని నడుపుతున్నారు" అని పెట్టారట. ఈమె ఆ రాత్రి ఏడ్చారు. పేపర్లు దిద్ది, అమ్మకు నువ్వుల నూనెతో కాళ్లూ చేతులూ మర్దన చేసి, పదిన్నరకు డ్రయ్యర్ ఆన్ చేసి పడుకోవడం ఆమె దినచర్య. "ఆ మెషీన్ అమ్మేద్దాం, టెన్షన్ పోతుంది" అంటున్నారు భర్త. మెషీన్ ప్రమాదకరమా, నిజంగా మోటారే పోయిందా, అమ్మేయాలా, పిన్నిగారికి మొహం ఎలా చూపించాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

సోదరీ, ఐదు నిమిషాలు విని వెళ్లిన టెక్నీషియన్ కంటే మీరే ఆ మెషీన్‌ను బాగా విన్నారు. శబ్దం ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది, కింద ఏం రాలుతోంది అన్నీ రాశారు. మీకు కావలసిన జవాబులో సగం మీ ఉత్తరంలోనే ఉంది.

డ్రయ్యర్ లోపల పెద్ద రహస్యమేమీ లేదు. అడుగున మోటారు, దాన్నుంచి డ్రమ్ము చుట్టూ తిరిగే పొడవాటి బెల్టు, ఆ బెల్టు వదులు కాకుండా బిగించి పట్టే చిన్న పుల్లీ. డ్రమ్ము ముందు అంచు మెత్తటి ఫెల్టు (ఒత్తైన ఉన్ని గుడ్డ) పట్టీ మీద జారుతూ తిరుగుతుంది. వెనక వైపు కొన్ని మెషీన్లలో ఒకే బేరింగ్ ఉంటుంది, కొన్నింటిలో డ్రమ్ము రెండు చిన్న రబ్బరు రోలర్ల మీద కూర్చుంటుంది. మీది ఏ రకమో పలక తీసి చూస్తేనే ఖాయంగా తేలుతుంది. కానీ మీరు చెప్పిన లక్షణాలు నన్ను రోలర్ల వైపే తీసుకెళ్తున్నాయి.

ఎందుకో చెప్తాను, లెక్కల టీచరు కాబట్టి మీకు వెంటనే అందుతుంది. ఇళ్లలో వాడే డ్రయ్యర్ డ్రమ్ము నిమిషానికి సుమారు 50 చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు సెకను పైచిలుకు. డ్రమ్ము వ్యాసం 55 సెంటీమీటర్లు, రోలర్ వ్యాసం 7 అనుకుంటే, డ్రమ్ము ఒక చుట్టు తిరిగేలోగా రోలర్ దాదాపు ఎనిమిది చుట్లు తిరగాలి. రోలర్ మీద ఒక చోట చదునైతే సెకనుకు ఆరేడు దెబ్బలు వినిపిస్తాయి. మీరు రాసిన గుర్రపు దడదడ అదే. డ్రమ్ముకే దెబ్బ తగిలినా, లోపల బట్టల్ని ఎత్తే రెక్క వదులైనా సెకనుకొకసారి ఆగి ఆగి 'దబ్' మంటుంది. తడి దుప్పట్లన్నీ ఒకదాన్లో ఒకటి చుట్టుకుని ముద్దగా మారినా అదే 'దబ్'. ఈసారి ఆన్ చేసినప్పుడు ఫోనులో ఒక నిమిషం రికార్డు చేసి, దెబ్బలు లెక్కపెట్టండి.

మిగతావీ ఇక్కడికే వచ్చి కలుస్తున్నాయి. డ్రమ్ము బరువు ఒకే చోట ఆని ఉండటం వల్ల రబ్బరు అక్కడ నొక్కుకుపోతుంది. అందుకే రెండు రోజులు వాడకపోతే మోత ఎక్కువ. తిరుగుతూ వేడెక్కేకొద్దీ రబ్బరు మెత్తబడి మళ్లీ గుండ్రంగా సర్దుకుంటుంది. అందుకే పది నిమిషాలకు తగ్గుతుంది. ఆ నల్లటి పొడి రోలర్ల నుంచో బెల్టు నుంచో అరిగి రాలిన రబ్బరు. చివరి కీచు చాలావరకు ఆ బిగింపు పుల్లీది. బావి గిలక ఇరుసు ఎండిపోతే ఎలా కీచుమంటుందో ఇదీ అంతే. మోటారు బేరింగ్ పోయినా శబ్దం వస్తుంది, కాదనను. అయితే అది మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున గుర్రుమంటుంది గానీ పది నిమిషాల్లో సర్దుకోదు, మెషీన్ రెండు రోజులు ఊరికే ఉన్నంత మాత్రాన పెరగదు. ఆ టెక్నీషియన్ మోసగాడని నేననను. తెరవకుండా మోటారు అని చెప్పడం మాత్రం వైద్యుడు నాడి పట్టకుండా ఆపరేషన్ రాసినట్టే.

ఇప్పుడు శబ్దాన్ని కాసేపు పక్కన పెడతాను. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అది కాదు. నువ్వుల నూనె మర్దన, ఆ దుప్పట్లు డ్రయ్యర్‌లోకి వెళ్లడం, పదిన్నరకు ఆన్ చేసి మీరందరూ పడుకోవడం, ఈ మూడూ ఒకే వాక్యంలో చదివి ఆగిపోయాను.

నూనె అంటిన బట్ట ఒక్క ఉతుకుతో పూర్తిగా వదలదు, దారాల్లో కొంత మిగిలే ఉంటుంది. నువ్వుల నూనె లాంటివి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. తీగ మీద ఆరేస్తే ఆ వేడి గాల్లో పోతుంది. అప్పుడే డ్రయ్యర్‌లోంచి తీసిన వేడి దుప్పట్లు కుప్పగా ఉంటే మధ్యలోని వేడి బయటికి పోలేక పెరుగుతూ పోతుంది, ఒక్కోసారి మెషీన్ ఆగిపోయాక కూడా మంట అంటుకుంటుంది. వంటనూనె అంటిన బట్టల్ని వేడి నీళ్లు, ఎక్కువ సబ్బుపొడితో ఉతక్కుండా డ్రయ్యర్‌లో వేయొద్దని మెషీన్‌తో వచ్చే పుస్తకాల్లో రాసేది ఇందుకే. చివరి కొన్ని నిమిషాలు వేడి లేకుండా చల్లగాలితో తిప్పడం కూడా ఇందుకే. ఆ చల్లార్చే భాగం పూర్తి కాకుండా మధ్యలో ఆపకండి. ఎప్పుడైనా ఆపాల్సి వస్తే వెంటనే తీసి విడివిడిగా పరచండి.

అమ్మగారికి మర్దన మానేయమని చెప్పడం లేదు. మర్దన వేళకు కింద పరచడానికి రెండు పాత నూలు చీరలు విడిగా పెట్టుకోండి. మర్దన అయ్యాక గోరువెచ్చటి నీటిలో ముంచి పిండిన గుడ్డతో ఒళ్లు తుడిచి, ఆ తర్వాత రోజువారీ దుప్పటి వేయండి. ఆ పాత చీరలు మాత్రం డ్రయ్యర్‌లోకి వెళ్లకూడదు, వాటిని ఫ్యాన్ కింద స్టాండు మీద ఆరేయండి. ఇప్పటికే నూనె వాసన పట్టిన దుప్పట్లుంటే వేడి నీళ్లలో ఒకటికి రెండుసార్లు ఉతికి, వాసన పోయాకే లోపల వేయండి.

మీవారు పోసిన నూనె విషయమూ ఇలాంటిదే. ఆయన మంచికే చేశారు. కానీ డ్రయ్యర్ లోపల ఎక్కడ చూసినా బట్టల నూగు ఉంటుంది. నూనె పడితే ఆ నూగు అక్కడే అంటుకుని ముద్ద కడుతుంది, తడిసిన ఫెల్టు దుప్పట్లకు మరకలు పెడుతుంది. వేడి, నూగు, నూనె మూడూ ఒకచోట ఉండకూడదు. కొబ్బరి నూనె గానీ, తుప్పుకు కొట్టే స్ప్రే గానీ ఇకపై వద్దు. మెకానిక్ వచ్చినప్పుడు "ఇక్కడ నూనె పోశాం" అని దాచకుండా చెప్పండి, ఫెల్టు శుభ్రం చేస్తాడు, బాగా తడిసిపోతే మారుస్తాడు. శబ్దం రికార్డు చేసే ఆ ఒక్క నిమిషం తప్ప, అది తేలేదాకా మెషీన్ వాడకపోతే మంచిది. ఆ కొన్ని రోజులు ఎలా గడపాలో కింద రాశాను.

గంట పని గంటన్నర అయిందన్నారు. అది రోలర్ల వల్ల కాకపోవచ్చు, చాలావరకు గాలి సరిగ్గా పోకపోవడం వల్లే. నూగు పట్టుకునే జాలీని ప్రతిసారీ దులుపుతున్నారనే అనుకుంటున్నాను. జాలీ తీశాక ఆ గూటిలోకి టార్చి వేసి చూడండి, అడుగున నూగు మేట వేసి ఉంటుంది. వెనక గొట్టం గోడకూ మెషీన్‌కూ మధ్య నలిగిందేమో చూడండి. దాన్ని విప్పి, దులిపి, వీలైనంత పొట్టిగా, వంపులు లేకుండా పెట్టించండి. గొట్టం మూసుకుపోతే వేడి లోపలే ఉండిపోతుంది. ఇలాంటి మెషీన్ గంట తిరిగితే సుమారు రెండు యూనిట్లు కాలుతుంది కాబట్టి బిల్లూ పెరుగుతుంది, రోలర్లకు అరగంట అదనపు అరుగుదలా తప్పదు.

తెరవకుండా మీరే చేయగల పరీక్షలు ఇంకొన్ని ఉన్నాయి. ముందు ప్లగ్గు పూర్తిగా పీకండి, స్విచ్ ఆపితే చాలదు. తలుపు తీసి డ్రమ్మును చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టు చేతికి తెలిస్తే రోలర్ల అనుమానం బలపడినట్టే. డ్రమ్ము చిల్లుల్లో జాకెట్ హుక్కు, పిన్నీసు, జాలీ గూటిలో చిల్లర నాణెం ఇరుక్కున్నాయేమో చూడండి. వాటి శబ్దం గలగలగా, ఇనుము తాకినట్టు ఉంటుంది, మీరు రాసినట్టు ఉండదు. అయినా చూడటానికి ఖర్చు లేదు.

ఇక మీ ముందున్న దారులు. ఏది ఎంచుకోవాలో మీ చేతిలో డబ్బును, ఓపికను బట్టి మీరే తేల్చుకోవాలి.

నూనె మాత్రం శుభ్రం చేయించి, మిగతాది ఇలాగే వాడటం ఒకటి. కొన్ని వారాలు నడవొచ్చు. కానీ రోలర్లు అరిగేకొద్దీ డ్రమ్ము కిందికి దిగి ఫెల్టును చించుతుంది, ఇనుము ఇనుముకు రాసుకుంటుంది, ఒక రోజు బెల్టు తెగుతుంది. చిన్న ఖర్చును పెద్దది చేసుకునే దారి ఇది. కాలిన వాసన వచ్చినా, మోటారు మూలిగి డ్రమ్ము తిరగకపోయినా మాత్రం ఇక ఆలోచించొద్దు, ప్లగ్గు పీకేయండి.

బాగు చేయించడం రెండోది. కంపెనీ సర్వీసు వాళ్లయితే విజిటింగ్ చార్జి ఉంటుంది, విడిభాగం అసలుది వస్తుంది, దానికి కొంతకాలం వారంటీ కూడా ఇస్తారు. బయటి మెకానిక్ తక్కువకు చేస్తాడు, భాగం సరిగ్గా సరిపోకపోతే మాత్రం నెలలో మళ్లీ అదే మోత. ఎవర్ని పిలిచినా ఫోనులోనే మూడు మాటలు చెప్పండి: తెరిచి చూపించాలి, పని మొదలుపెట్టే ముందు ఖర్చు కాగితం మీద రాయాలి, తీసిన పాత భాగం నాకివ్వాలి. తలుపు అంచున ఉన్న స్టిక్కరు మీద మోడల్ నంబరు ఫోటో తీసి ముందే పంపితే భాగాలు వెంట తెస్తారు. రోలర్లు, పుల్లీ, బెల్టు మూడూ ఒకేసారి మార్పించుకోండి. ఒకసారి విప్పిన శ్రమ మూడింటికీ సరిపోతుంది, ఈ మూడూ కలిపినా సాధారణంగా మోటారు కంటే తక్కువే అవుతుంది. విప్పాక నిజంగా మోటారు బేరింగే పోయిందని చూపిస్తే అప్పుడు 9,500 గురించి ఆలోచించవచ్చు, చూసి ఇచ్చే డబ్బుకు బాధ ఉండదు. డబ్బు తీసుకుని పని చెడగొడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అందుకే ఆ రాసిన కాగితం, రసీదు దాచుకోవాలి.

మీవారే విప్పితే? ఆయనకు అలవాటుంటే కాదనను, ఖర్చు విడిభాగాలతో పోతుంది. అయితే స్టాండు మీదినుంచి దించడానికి ఇద్దరు మనుషులు కావాలి. రేకు అంచులు బ్లేడులా కోస్తాయి, చేతులకు గ్లౌజులు ఉండాలి. ప్లగ్గు తీసినా మోటారు కెపాసిటర్‌లో (కరెంటును నిల్వ ఉంచే చిన్న భాగం) కరెంటు నిలిచి ఉండొచ్చు, దాన్ని తాకకూడదు. బెల్టు ఎటునుంచి ఎటు చుట్టుకుందో ఫోటో తీయకుండా విప్పితే మళ్లీ ఎక్కించేటప్పుడు సాయంత్రమంతా పోతుంది. బేరింగులు, బెల్టులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతకొచ్చు, కానీ డ్రయ్యర్ బెల్టు సన్నటి గాడులున్న ప్రత్యేక రకం, పాతది చేతిలో పట్టుకుని వెళ్లాలి. మొదటిసారి విప్పుతున్న మనిషైతే నాకు మనసొప్పడం లేదు.

అమ్మేసి కొత్తది కొనడం ఇంకో దారి. ఇప్పుడు వచ్చే హీట్ పంప్ డ్రయ్యర్లు (వేడి గాలిని బయటికి వదలకుండా లోపలే తిప్పి వాడుకునే రకం) మీ మెషీన్ తినే కరెంటులో సగంతోనే పని చేస్తాయి, గొట్టం అక్కర్లేదు. కానీ ధర చాలా ఎక్కువ, ఒక విడత ఆరడానికి సమయమూ ఎక్కువ పడుతుంది. మోటారు బాగానే ఉన్న ఆరేళ్ల మెషీన్‌ను 3,000కు ఇచ్చేసి ఆ ఖర్చు నెత్తిన వేసుకోవాలా అన్నది, తెరిచి చూశాకే తేల్చండి. పోయిందన్న మెషీన్‌ను కొనడానికి ఆయన ఎందుకు సిద్ధపడ్డాడో కూడా ఆలోచించండి.

అసలు డ్రయ్యరే వద్దనుకోవడం మీవారి మాట. ఆయన మీ కన్నీళ్లు చూడలేక అంటున్నారు, కోపంతో కాదు. అయినా ఒకటి ఆయనకు కూర్చోబెట్టి చెప్పండి. మంచంలో ఉన్న మనిషికి చెమ్మగా ఉన్న దుప్పటి వేస్తే చర్మం నానుతుంది, నానిన చర్మం తొందరగా పుండు పడుతుంది. మీ ఇంట్లో ఆ మెషీన్ సోకు కోసం లేదు, అమ్మగారి వీపు కోసం ఉంది. అది లేకుండా నడపాలంటే కనీసం పది పన్నెండు దుప్పట్లు, రెండు ఆరేసే స్టాండ్లు, ఒక గదిలో రోజంతా ఫ్యాన్ కావాలి. ఎండాకాలం ఇబ్బంది ఉండదు. జులై, ఆగస్టుల్లో కష్టం. రిపేరు అయ్యేదాకా కొన్ని రోజులు ఇలాగే గడపండి. వాషింగ్ మెషీన్‌లో స్పిన్ రెండుసార్లు పెట్టండి, ఇంకొన్ని నీళ్లు అక్కడే పోతాయి. బాగయ్యాక కూడా ఈ రెండో స్పిన్ మానకండి, దుప్పట్లు రెండేసి చొప్పున వేయండి. బరువు తగ్గితే రోలర్లు ఎక్కువ కాలం ఉంటాయి.

పిన్నిగారి దగ్గరకు వద్దాం. మీరు పైన వింటున్న శబ్దం, వాళ్లు కింద వింటున్న శబ్దం ఒకటి కాదు. మీకు గాల్లోంచి వస్తోంది, వాళ్లకు ఇనుప స్టాండు కాళ్లలోంచి స్లాబులోకి దిగి వస్తోంది. రాత్రి నిశ్శబ్దంలో, దిండు మీద తల ఆనించినవాళ్లకు అది గుండెల మీద కొట్టినట్టే ఉంటుంది. ఆవిడ గిర్ని అన్నది కోపంలో అన్నా, ఆవిడకు వినిపిస్తున్నది అదే.

గ్రూపులో జవాబు రాయొద్దు. ఫోనూ వద్దు. సాయంత్రం వేళ స్వయంగా వెళ్లి, "పిన్నిగారూ, నెల రోజులుగా మీకూ బాబాయిగారికీ నిద్ర లేకుండా చేశాను. ముందే వచ్చి చెప్పాల్సింది, మొహమాటపడి ఆగిపోయాను. రాత్రి పూట ఇక ఆన్ చేయను. మెషీన్ బాగు చేయిస్తున్నాం, అయ్యాక మీ గదిలో కూర్చుని నేనే వింటాను" అనండి. అమ్మగారి పరిస్థితి ఆవిడకు తెలిసే ఉంటుంది, దాన్ని సాకుగా చెప్పాల్సిన పని లేదు. ఆవిడ అడిగితే చెప్పండి. ఒకవేళ ఆవిడ ముభావంగానే ఉన్నా ఆ రోజుకు వదిలేయండి. మీరు మాట నిలబెట్టుకున్నారని రెండు మూడు రాత్రులు గడిస్తే ఆవిడకే తెలుస్తుంది.

ఆ చివరి మాట మర్యాద కోసం రాయలేదు, నిజంగా చేయండి. రిపేరు అయిన రోజు మీ అబ్బాయిని పైన ఉంచి, మీరు కింద బాబాయిగారి మంచం పక్కన కూర్చుని, ఫోన్ చేసి ఆన్ చేయించండి. మొదటి పది నిమిషాలు వినండి. ఇంకా అదురు తెలుస్తుంటే తప్పు స్టాండుది. రసమట్టం పెట్టి స్టాండు సమంగా ఉందా చూడండి. మూలల్ని ఒక్కొక్కటిగా నొక్కితే ఏ కాలు ఊగుతుందో తెలుస్తుంది, వెల్డింగ్ దగ్గర తుప్పు పట్టిందేమో కూడా చూడండి. ప్రతి కాలి కిందా మందపాటి రబ్బరు దిమ్మ పెట్టండి, స్టాండు గోడను తాకుతుంటే రెండంగుళాలు జరపండి. డ్రయ్యర్ కాళ్లు కూడా స్టాండు మీద కదలకుండా కూర్చోవాలి.

సమయం మార్చడం మీకు కష్టమని తెలుసు, పొద్దున బడి, సాయంత్రం అమ్మగారు. మీ అబ్బాయి కాలేజీ నుంచి వచ్చాక ఆరింటికి మొదటి విడత వేస్తే ఎనిమిదిన్నరకు రెండు విడతలూ అయిపోతాయి. తీసి పరచడం, జాలీ దులపడం ఆ పిల్లవాడికి నేర్పండి, ఇంటర్ చదివేవాడికి అది బరువైన పనేమీ కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, మెషీన్ తిరుగుతున్నంత సేపూ ఇంట్లో ఒకరు మెలకువగా ఉండాలి. మిగతా దారుల్లో ఏది ఎంచుకున్నా మీ ఇష్టం, ఈ ఒక్కటి మాత్రం మార్చుకోవద్దని బతిమాలుతున్నాను.

మెకానిక్ వెనక పలక తీశాక ఆ రోలర్లు ఎలా ఉన్నాయో, నా లెక్క ఎంతవరకు సరిపోయిందో నాకు రాయండి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.